పాపకి ప్రతిష్ఠ సరిపోతుందా, బాప్తిస్మం కూడా ఇప్పించాలా?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. మా పుట్టిల్లు ఒంగోలు, బాప్టిస్టు కుటుంబం. మా వారిది గుంటూరు, మూడు తరాలుగా లూథరన్లు. ఇక్కడ వైట్‌ఫీల్డ్ దగ్గర మేం వెళ్ళే సంఘంలో పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు, ప్రతిష్ఠ (బిడ్డని దేవుడికి అప్పగిస్తూ చేసే ప్రార్థన) మాత్రం చేస్తారు. మా పాపకి ఇప్పుడు ఐదో నెల. "అది ఉత్త ప్రార్థనమ్మా, బాప్తిస్మం లేకపోతే బిడ్డ బయట ఉన్నట్టే" అంటారు మామయ్య గారు. వాళ్ళింట్లో తాతల నాటి బైబిల్ ఉంది, అందులో మొదటి పేజీ మీద ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డ పేరు, బాప్తిస్మం తేదీ రాసి ఉంటాయి. మా పాప పేరు పక్కన ఖాళీ. అత్తయ్య గారేమో క్రిస్మస్‌కి గుంటూరు వచ్చినప్పుడు గప్‌చుప్‌గా చిలకరింపు (నీళ్ళు చల్లి ఇచ్చే బాప్తిస్మం) చేయించేద్దాం, మీ పాస్టర్‌కి చెప్పక్కర్లేదు అంటున్నారు. ఈలోగా బిడ్డకి ఏమన్నా అయితే ఎలా అని కూడా అన్నారు, అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మా వారు "రెండూ చేయిద్దాం, పోయేదేముంది" అంటారు. అసలు ఈ ప్రతిష్ఠ అనేది బైబిల్లో ఉందా? నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది మీ అత్తయ్య గారి మాట కాదు, మీ వారి మాట. రెండూ చేయిద్దాం, పోయేదేముంది అన్నారు చూడండి, అది. పోయేది ఉంది. మా ఇంట్లో పోయింది కాబట్టి చెప్తున్నాను.

మా నాన్న సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం), నన్ను నెలల పిల్లగా ఉన్నప్పుడే గుడికి తీసుకెళ్ళి చిలకరింపు చేయించారు. ఆ రోజు వేసిన తెల్ల గౌను అమ్మ ఇప్పటికీ ట్రంకు పెట్టెలో కలరా ఉండలు వేసి దాచింది, జేబురుమాలంత ఉంటుంది, మెడ దగ్గర చిన్న లేసు. ఉద్యోగానికి చెన్నై వచ్చాక నేను వెళ్ళిన ఒక సంఘంలో "నీ చిన్నప్పటిది లెక్కలోకి రాదు, నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకోవాల్సిందే" అన్నారు. మునిగాను. సాయంత్రం ఉత్సాహంగా ఇంటికి ఫోన్ చేసి చెప్తే నాన్న చాలాసేపు ఏమీ అనలేదు, ఆ తర్వాత ఒకే మాట అడిగారు: "అయితే ఆ రోజు మేం చేసిందేంటమ్మా?" దానికి నా దగ్గర జవాబు లేదు. ఆయన పోయి ఆరేళ్ళయింది, ఇప్పటికీ లేదు.

విషయం ఏంటంటే, బాప్తిస్మం జీవితంలో ఒక్కసారే అన్న దగ్గర గొడవే లేదు, లూథరన్ అయినా బాప్టిస్టు అయినా కేథలిక్ అయినా అదే మాట. బాప్టిస్టులు కూడా మేం రెండోసారి ఇస్తున్నాం అనరు, మొదటిది అసలు బాప్తిస్మమే కాదంటారు, నొప్పి అంతా అక్కడే. 1982లో ప్రపంచ సంఘాల మండలి వాళ్ళు పెరూ దేశంలోని లీమాలో కూర్చుని ఒప్పుకున్న పత్రంలో కూడా, మళ్ళీ బాప్తిస్మం ఇస్తున్నట్టు కనిపించే ఏ పనీ చేయొద్దని స్పష్టంగా రాసుకున్నారు. ఇప్పుడు మీ అత్తయ్య గారు చెప్పినట్టు గుంటూరులో గప్‌చుప్‌గా కానిచ్చేశారనుకోండి. పదిహేనేళ్ళకి పాప తన స్నేహితులతో కలిసి వైట్‌ఫీల్డ్ సంఘంలో తొట్టి దగ్గర నిలబడి నేనూ తీసుకుంటాను అంటుంది, అప్పుడు మీరు నోరు విప్పాలి. విప్పితే పాపకి కోపం, ఇన్నాళ్ళూ దాచారా అని. విప్పకపోతే, తాతగారు బైబిల్లో తన చేత్తో రాసిన తేదీ మీద మనవరాలే గీత కొట్టినట్టు అవుతుంది. ప్రతిష్ఠతో ఈ చిక్కు లేదు. ప్రతిష్ఠ జరిగిన బిడ్డకి రేపు లూథరన్ అయ్యగారు ఏ వయసులోనైనా బాప్తిస్మం ఇస్తారు, బాప్టిస్టు పాస్టర్ గారూ ఇస్తారు, ముందు జరిగింది చెల్లదు అని ఎవరూ ఎవరితోనూ అనక్కర్లేదు. నా సలహా ఇక్కడి నుంచే మొదలవుతుంది, మిగతాదంతా దీనికి వివరణే.

బైబిల్లో ఉందా అని అడిగారు. మీరు నిజాయితీగా అడిగారు కాబట్టి నేనూ అలాగే చెప్తాను: పసిపిల్లల్ని ఇలా ప్రతిష్ఠ చేయండి అన్న ఆజ్ఞ ఎక్కడా లేదు. పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వండి అని కూడా సూటిగా ఎక్కడా లేదు లెండి, లూదియ ఇంటివాళ్ళు, చెరసాల నాయకుడి ఇంటివాళ్ళు, స్తెఫను ఇంటివాళ్ళు బాప్తిస్మం పొందారని ఉంది, ఆ ఇళ్ళలో పాలు తాగే బిడ్డ ఉన్నాడో లేదో రాయలేదు, మన రెండు వర్గాలూ ఆ ఖాళీలో వందల ఏళ్ళుగా వాదించుకుంటున్నాయి. ప్రతిష్ఠ రోజు పాస్టర్లు సాధారణంగా హన్నా కథ చదువుతారు. బాగుంటుంది, కానీ హన్నా సమూయేలుని పాలు విడిపించాక తీసుకెళ్ళి షిలోహులో ఏలీ దగ్గర వదిలేసి ఇంటికి వచ్చేసింది. మనం అలా వదిలేయం కదా, ప్రార్థన కాగానే బిడ్డని కారెక్కించుకుని బిర్యానీకి పోతాం. రెండోది లూకా సువార్తలో యోసేపు, మరియ బాలయేసుని యెరూషలేము దేవాలయానికి తీసుకెళ్ళడం. అది తొలిచూలు కొడుకు గురించి, బాలింత శుద్ధి గురించి మోషే ధర్మశాస్త్రంలో ఉన్న పద్ధతి. గొర్రెపిల్లకి స్తోమత లేని వాళ్ళు రెండు గువ్వల్నో పావురాల్నో ఇచ్చేవాళ్ళు, వీళ్ళూ అదే ఇచ్చారు. పైగా అప్పటికే ఎనిమిదో రోజున సున్నతి అయిపోయింది. మీ మామయ్య గారు గనక లేఖనాలు బాగా చదివే మనిషైతే ఈ పాయింట్ పట్టుకుంటారు, పసివాడికి నిబంధన గుర్తు ముందే వేశారుగా, సున్నతి స్థానంలో మాకు బాప్తిస్మం అని. అది తీసిపారేయాల్సిన వాదన కాదు.

నా మటుకు నాకు ప్రతిష్ఠకి గట్టి ఆధారం మార్కు సువార్త 10వ అధ్యాయమే. "చిన్నబిడ్డలను నాయొద్దకు రానియ్యుడి" అని యేసు శిష్యుల్ని కోప్పడి, పిల్లల్ని ఎత్తి కౌగిలించుకుని, చేతులుంచి ఆశీర్వదించాడు. నీళ్ళ మాట లేదు. తమాషా ఏంటంటే లూథరన్ల మూలపురుషుడు మార్టిన్ లూథరు తయారుచేసిన పసిపిల్లల బాప్తిస్మపు క్రమంలో చదివేదీ ఈ భాగమే, ఇంగ్లండు సంఘం వాళ్ళ పాత ప్రార్థన పుస్తకంలోనూ ఇదే. రెండు వైపులా ఒకే వచనాలు పట్టుకుని నిలబడ్డారు!

ఇక ఈ ప్రతిష్ఠ నిన్నగాక మొన్న అమెరికా సంఘాల నుంచి దిగుమతైన ఫ్యాషన్ అని ఎవరైనా అంటే ఒక కథ చెప్పండి. జర్మనీ దేశంలో వాల్డ్‌షుట్ అనే ఊళ్ళో బల్తసార్ హుబ్‌మయర్ అని ఒక పాదిరి ఉండేవాడు. 1525 జనవరిలో బాసెల్ ఊరి పండితుడు ఎకొలాంపాడియస్‌కి ఆయన ఉత్తరం రాశాడు. తన దగ్గరకి బిడ్డని తెస్తే బాప్తిస్మం ఇవ్వకుండా సంఘాన్ని పోగుచేసి, పిల్లల్ని నా దగ్గరకి రానివ్వండి అన్న భాగాన్ని జనానికి అర్థమయ్యేలా వాళ్ళ భాషలోనే వివరించి, బిడ్డకి పేరు పెట్టి, అందరూ మోకాళ్ళూని ప్రార్థించి బిడ్డని క్రీస్తుకి అప్పగిస్తున్నామని అందులో చెప్పాడు. మీ వైట్‌ఫీల్డ్ సంఘంలో జరిగేది అచ్చం ఇదే, ప్రొజెక్టర్ ఒక్కటే తేడా. అదే నెల 21న జూరిక్‌లో కొంతమంది పెద్దవాళ్ళు విశ్వాసం ఒప్పుకుని ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు, అనబాప్టిస్టుల (పెద్దయ్యాకే బాప్తిస్మం అనేవాళ్ళ) చరిత్ర అక్కడ మొదలైంది, తర్వాత వాళ్ళని వేటాడారు. హుబ్‌మయర్‌ని 1528లో వియన్నాలో సజీవంగా తగలబెట్టారు. మూడు రోజులకి ఆయన భార్య మెడకి రాయి కట్టి డాన్యూబ్ నదిలో పడేశారు. ఈ కథ చెప్పడం మామయ్య గారి నోరు మూయించడానికి కాదు (అలా వాడితే నేనొప్పుకోను), అదే ఉత్తరంలో ఇంకో మాట ఉంది, మీకు కావాల్సింది అది. బిడ్డ జబ్బుగా ఉండి తల్లిదండ్రులు గట్టిగా బతిమాలితే మాత్రం బాప్తిస్మం ఇచ్చేస్తాను, బలహీనులతో నేనూ బలహీనుణ్ణవుతాను అని రాశాడు. తన నమ్మకం కోసం ప్రాణం ఇచ్చినవాడు, భయపడిన తల్లి ముందు పట్టు సడలించాడు.

అందుకే మీ అత్తయ్య గారి భయం గురించి కొంచెం నిదానంగా మాట్లాడాలి. ఆమెని మూఢనమ్మకం అని కొట్టిపారేయకండి, ఆ తరంలో పురిటిలో బిడ్డ పోని ఇల్లు ఉండేదా? కానీ ఆమె లూథరన్ కాబట్టి లూథరు మాటే చెప్పండి. గర్భస్రావమైన తల్లుల కోసం, కాన్పులో బిడ్డని పోగొట్టుకున్న తల్లుల కోసం ఆయన 1542లో ఒక చిన్న ఓదార్పు పుస్తకం రాశాడు. బాప్తిస్మం అందకుండా పోయిన ఆ బిడ్డలు పోయినట్టే అని దిగులుపడొద్దు, తల్లి మూలుగుని, నోట రాని ప్రార్థనని దేవుడు విన్నాడు అన్నదే అందులో సారం. బాప్తిస్మం అంటే ప్రాణం పెట్టే లూథరే ఆ మాట అన్నాక, ఐదు నెలలకి గుండ్రంగా బొద్దుగా ఉన్న మీ పాప గురించి రాత్రుళ్ళు మేలుకోవడం ఎందుకు? అంత అవసరమే వస్తే, దేవుడు రానివ్వకూడదు, లూథరన్ పద్ధతిలో అయ్యగారే ఉండక్కర్లేదు, విశ్వాసి ఎవరైనా అక్కడికక్కడ నీళ్ళతో ఇవ్వొచ్చు. ఇది అత్తయ్య గారికి తెలిసే ఉంటుంది, ఒకసారి గుర్తుచేయండి చాలు.

మీ రెండు ఊళ్ళ సంగతి చదివి నవ్వొచ్చిందమ్మా. గుంటూరుకి లూథరన్ మిషనరీ హయ్యర్ దొర 1842లో వచ్చాడు, ఒంగోలుకి బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర 1866లో, అప్పటి నుంచి సాగుతున్న నీళ్ళ పంచాయితీ ఇప్పుడు మీ టూ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లోకి వచ్చింది. మీ అమ్మమ్మ వాళ్ళు గుండ్లకమ్మ కథ చెప్పే ఉంటారు, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది మునిగారని. అందులో జనం ఎక్కువగా చెప్పుకోని ముక్క ఒకటుంది. దానికి ముందు కరువు రోజుల్లో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు పట్టి జనానికి కూలి ఇప్పించాడు, కానీ ఆ కరువు ఉన్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. ఎవరికి వాళ్ళు తెలిసి ఒప్పుకోవాలి అన్నది మీ పుట్టింటి పట్టు. దేవుడు ముందు చేయి చాపుతాడు, బిడ్డకి తెలిసే దాకా ఆయన ఆగడు అన్నది మీ అత్తింటి పట్టు. రెండూ చిన్న విషయాలు కావు. అందుకే "ఏదైతే ఏం" అని మామయ్య గారితో మాత్రం అనకండి.

ఆయన "ఉత్త ప్రార్థన" అన్నారు కదా, ఒక రకంగా నిజమే చెప్పారు. ప్రతిష్ఠ సంస్కారం కాదు, బాప్తిస్మానికి చిన్న చెల్లెలూ కాదు. ఎవరైనా పాస్టర్ ఇదీ అదీ ఒకటే, పేరే తేడా అని చెప్తే నమ్మకండి. బాప్తిస్మంలో నీళ్ళు బిడ్డ మీద పడతాయి. ప్రతిష్ఠలో ప్రశ్నలన్నీ మీ ఇద్దరి మీదే పడతాయి. ఈ బిడ్డని దేవుడిచ్చిన వరంగా ఒప్పుకుంటారా, వాక్యంలో పెంచుతారా, మీ బతుకే దానికి మాదిరిగా ఉంటుందా అని అడుగుతారు, మీరు అవును అనాలి, తర్వాత సంఘం లేచి నిలబడి మేమూ సాయం చేస్తాం అనాలి. నేను చూసినవాటిల్లో నాకు బాగా గుర్తుండిపోయింది కోరమంగలలో ఒక అద్దె హాల్లో జరిగింది. ఆ తండ్రి మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. అవును అనడానికి నోరు రాలేదు, మైకు అతని మూతి దగ్గరే ఉంది, హాలంతా ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు, బిడ్డేమో పాస్టర్ గారి కళ్ళజోడు లాగుతున్నాడు. చివరికి "ప్రయత్నిస్తానండీ" అన్నాడు. పాస్టర్ గారు అదే చాలన్నట్టు తలూపి బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టారు. ఇప్పుడు ఎక్కువ చోట్ల ఈ భాగం రెండు నిమిషాల్లో అయిపోతోంది, బెలూన్లు, గౌను మార్పులు, ఎల్‌ఈడీ బోర్డు మీద పేరు, ఉయ్యాల ఫంక్షన్‌కి దీనికి తేడా తెలియడం లేదు. అలా చేస్తే మామయ్య గారి మాటే నిజమవుతుంది.

రెంటికీ చోటిచ్చిన సంఘాలు లేకపోలేదు. మన సి.ఎస్.ఐ. 1947లో చెన్నై సెయింట్ జార్జ్ కెథీడ్రల్‌లో ఏర్పడినప్పుడు బాప్టిస్టులు అందులో కలవలేదు, కానీ ఉత్తరాన 1970లో సి.ఎన్.ఐ. (ఉత్తర భారత సంఘం) ఏర్పడినప్పుడు బాప్టిస్టులూ కలిశారు. అక్కడ పసితనంలో బాప్తిస్మం ఇప్పించుకున్నా, ప్రతిష్ఠ చేయించి పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకున్నా రెండు దారులూ చెల్లుతాయి. కాబట్టి ఒకే ఇంట్లో రెండు నమ్మకాలు ఉండకూడదనేం లేదు, దాచిపెట్టుకుంటేనే చెడుతుంది.

ఇప్పుడు చేయాల్సింది. మొదట మీరూ మీ వారూ కూర్చుని, పెద్దవాళ్ళ సంగతి పక్కన పెట్టి, పాపని ఏ సంఘంలో పెంచబోతున్నారో తేల్చుకోండి. ఆదివారం బడి ఎక్కడ, స్నేహితులు ఎక్కడ, ఆమె విశ్వాసాన్ని రేపు ఎవరు కనిపెట్టి చూస్తారు, దాన్ని బట్టే మిగతాది. మీ వారి మనసులో లోపల ఎక్కడో లూథరన్ నమ్మకమే బలంగా ఉంటే, బిడ్డకి బాప్తిస్మం కావాలని ఆయన నిజంగా అనుకుంటే, అది తప్పు కాదు. అప్పుడు గుంటూరులోనే చేయించండి, కానీ పట్టపగలు, గాడ్ పేరెంట్స్‌ని పెట్టుకుని, అందరినీ పిలిచి, మీ పాస్టర్ గారికి ముందే చెప్పి. అప్పుడు మీ పాస్టర్ గారిని ఒక్క ప్రశ్న అడగాలి: "మా పాప పెద్దయ్యాక విశ్వాసం ఒప్పుకుంటే, మళ్ళీ మునగకుండానే సభ్యురాలిగా తీసుకుంటారా?" కొన్ని సంఘాలు తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. పదిహేనేళ్ళ తర్వాత తెలుసుకునే బదులు ఇప్పుడే తెలుసుకోండి. అలా కాదు, మీ వారిది ఉత్తినే గొడవ ఎందుకులే అన్న ధోరణి అయితే, ప్రతిష్ఠతో ఆగండి.

మామయ్య గారితో మాట్లాడాల్సింది మీ వారే. మీరు కాదు. ఈ మాట ఫోన్లో కోడలి నోటి నుంచి వస్తే "ఒంగోలు వాళ్ళు మా అబ్బాయిని మార్చేశారు" అని ఒక్క ముక్కలో తేలిపోతుంది, తర్వాత మీరు హుబ్‌మయర్ కథ చెప్పినా లూథరు కథ చెప్పినా ఎవరూ వినరు. ఆయన వెళ్ళి నాన్న పక్కన కూర్చుని చెప్పాలి. చెప్పేటప్పుడు వాళ్ళిద్దరినీ ప్రతిష్ఠకి బెంగళూరు పిలవాలి, ఊరికే పిలవడం కాదు, ఆ తాతల నాటి బైబిల్ తెమ్మని, ఆ రోజు మార్కు సువార్త భాగం అందులోంచి ఆయన్నే చదవమని అడగాలి. మీ పాస్టర్ గారు కాదనరనే అనుకుంటున్నాను. మొదటి పేజీ మీద పాప పేరు, పుట్టిన తేదీ, ప్రతిష్ఠ తేదీ ఆయన చేత్తోనే రాయించి, బాప్తిస్మం గడి మాత్రం అలాగే ఉంచమనండి, అది పాప ఇంకా తీసుకోవాల్సింది కదా. ఆయన ఒప్పుకుంటారని నేను మాటివ్వలేను. మొదట పెన్ను పట్టుకోరేమో కూడా. పట్టుకోకపోతే బలవంతం చేయకండి, బైబిల్ మూసి పక్కన పెట్టి భోజనం వడ్డించండి.

సర్టిఫికెట్ గురించి మీరు అడగలేదు గానీ ఎలాగూ ఎవరో ఒకరు అడుగుతారు. ప్రతిష్ఠకి సంఘం ఇచ్చే కాగితం జ్ఞాపకానికే, దానికీ జనన ధ్రువపత్రానికీ సంబంధం లేదు. కార్పొరేషన్ ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్‌లో పాప పేరు ఎక్కిందో లేదో చూసుకోండి, ఎక్కకపోతే ఏడాది లోపు ఫీజు లేకుండా ఎక్కించుకోవచ్చు. కొన్ని క్రైస్తవ స్కూళ్ళు అడ్మిషన్‌కి బాప్తిస్మం పత్రం అడుగుతాయి, అలాంటప్పుడు సంఘ సభ్యత్వం గురించి పాస్టర్ గారి ఉత్తరం తీసుకుంటారేమో కనుక్కోండి. స్కూలు సీటు కోసం మాత్రం బాప్తిస్మం ఇప్పించకండి, క్లౌ దొర కరువులో ఇవ్వనన్నది ఇలాంటి దానికే.

తేదీ మాత్రం మరీ వెనక్కి జరపొద్దు. డిసెంబరులో హాళ్ళు దొరకవు, మీ పాస్టర్ గారికీ ఊపిరి సలపదు, క్రిస్మస్‌కి గుంటూరు వెళ్ళి మీ వారు వాళ్ళ నాన్నతో మాట్లాడి వచ్చాక జనవరిలో రెండో ఆదివారమో మూడోదో చూసుకోండి, టికెట్లు ముందే తీసి పంపండి, పెద్దవాళ్ళకి కింద బెర్తులు. అప్పటికి పాప పాకుతూ ఉంటుంది, ఇంకా ఆలస్యమైతే పాస్టర్ గారి చేతుల్లో ఒక్క క్షణం నిలవదు.